అడక్కూడని దారి

మా ఇద్వాల్ బాబాయ్ గొర్రెలతో కూడా "మీరు" అనే మాట్లాడతాడు. నవ్వకండి, నా చెవులారా విన్నాను. కొండదారికి అడ్డంగా పడుకుని నెమరేస్తున్న ఓ ముసలి గొర్రె ముందు టోపీ తీసి నిలబడి, "కాస్త జరుగుతారా అమ్మా, వెనక జనం ఉన్నారు," అన్నాడు. గొర్రె తల కూడా తిప్పలేదు. "పోనీలెండి, మీరు లేవకండి," అని మమ్మల్నందర్నీ పక్కనున్న ముళ్ళపొదల్లోంచి నడిపించాడు. నా కొత్త స్వెటరు మోచేతి దగ్గర ముళ్ళకి పట్టుకుని పోగులు పోగులుగా లేచిపోయింది. ఉన్ని కొట్టు నడుపుకునేదాన్ని, చిరుగు స్వెటరుతో ఊళ్ళోకి ఎలా దిగను? ఆ గొర్రెనీ ఈయన్నీ కలిపి తిట్టాను. ఇద్దరూ నావంక ఒకేలా చూశారు.

మా లాన్‌దెర్వెన్‌లో ఏ వీధి మొదట నిలబడి "జోన్స్" అని కేకేసినా వీధంతా తలలు తిప్పుతుంది. అందుకని మనిషిని పనితో కలిపి పిలవడం మాకు అలవాటు. నేను ఉన్ని హెలెత్. రొట్టెలు కాల్చే ఆవిడ రొట్టెల మెయినిర్. ఈయన పెట్టె ఇద్వాల్. శవపేటికలు చేసి అంత్యక్రియలు జరిపించే కొట్లో బతుకంతా పనిచేశాడు మరి. మా నాయనమ్మనీ, మా నాన్ననీ, ఆఖరికి మా ఆయన్నీ కూడా ఆయనే సాగనంపాడు. "ఇక్కడ మెట్టుందండీ, కాస్త కుదుపు ఉంటుంది, ఏమనుకోకండి," అని పెట్టెలో ఉన్నవాళ్ళకి చెప్పేవాడు. రిటైరయ్యాక చేతులు ముడుచుకుని కూర్చోలేక, బతికున్నవాళ్ళని నడిపించడం మొదలుపెట్టాడు.

ప్రతి శనివారం పొద్దున్నే ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళు సంత భవనం గడియారం కింద పోగవుతారు. నల్లకోటు వేసుకుని, నల్లగొడుగు పట్టుకుని బాబాయ్ ముందు నడుస్తాడు. వేగం మాత్రం పాత కొలువుదే. నాలుగడుగులకోసారి వెనక్కి తిరిగి, అందరూ వస్తున్నారా అని జాలిగా చూస్తాడు. ఎంత వాగుడుకాయలైనా సంత దాటేసరికి గుసగుసల్లోకి దిగిపోతారు. ఐస్‌క్రీం తింటున్నవాళ్ళు సిగ్గుపడి కోటు కింద దాచుకుంటారు.

మా కోటలో మిగిలింది ఒక్క గోడ. అది వంటింటి పొగగొట్టమేనని గిట్టనివాళ్ళంటారు. ఆ గోడ ముందు బాబాయ్ టోపీ తీసి కాసేపు మౌనంగా నిలబడతాడు. తర్వాత ఎదురెదురుగా నిలబడ్డ రెండు చాపెళ్ళు, అంటే మా ప్రార్థన మందిరాలు. హార్మోనియం కొనాలా వద్దా అని మా ముత్తాతలు కొట్టుకుని ఒకదాన్ని రెండు చేశారు. ఊరి వరసకి బాబాయ్ అంటానే గానీ, ఆయన కొన్నవాళ్ళ చాపెల్లో సంఘపెద్ద. నేను కొననివాళ్ళ తాలూకు. మేమిద్దరం నవ్వుతూ మాట్లాడుకోవడం మా అమ్మకి చచ్చేదాకా నచ్చలేదు.

అసలు నడకంతా దాని తర్వాత ఉంది. బస్టాండు వెనకున్న మరుగుదొడ్ల పక్కనుంచి ఓ రాళ్ళదారి పైకి వెళ్తుంది. మా తాతల తాతలు పశువుల్నీ బాతుల్నీ ఆ దారినే తోలుకుని ఇంగ్లండు సంతలకి పోయేవాళ్ళు. అది హవొడ్ అనే రైతింటి వాకిట్లోంచి దూరి, అవతల గేటు దాటి, కొండభుజం మీదికి ఎక్కుతుంది. అక్కడ ఓ చదును నేల. బాతుల కాళ్ళకి తారు పూసి, ఇసకలో నడిపించి, దూరప్రయాణానికి జోళ్ళు తొడిగిన చోటు అదే. అక్కణ్ణుంచి చూస్తే లోయంతా కాళ్ళ దగ్గర పరుచుకుని ఉంటుంది. మామూలుగా నోట్లో మాట నోట్లోనే ఉంచే మనిషి అక్కడ నిలబడి గొంతెత్తి, చేతులూపి, బాతుల అరుపులు అరిచి మరీ చెబుతాడు. జనం కడుపు పట్టుకుని నవ్వుతారు. ఆయన మొహం అప్పుడు చూడాలి. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు, శవాలు కూడా లేకుండా పోయిన మనిషికి ఆ శనివారం నడకే ప్రాణం. ఆ నడకకి ఆ దారే ప్రాణం.

హవొడ్ రైతు పేరు గెథిన్. బాబాయ్ నడకలు మొదలుపెట్టడానికి ముందే అతని భార్య మయిర్ పోయింది. అతనూ కుక్కా ఉండేవాళ్ళు. వాకిట్లోకి వెళ్ళేముందు బాబాయ్ మమ్మల్ని గేటు దగ్గర ఆపి, కోటు దులుపుకుని, గడ్డికొట్టం చాటునున్న తలుపు దగ్గరికి ఒక్కడే వెళ్ళేవాడు. మాకు తలుపు కనబడదు, గొంతు మాత్రం వినబడేది. "గెథిన్ గారూ, ఇద్వాల్‌నండీ. మీ వాకిట్లోంచి పోవచ్చాండీ?" ఆ తర్వాత ఊరి కబుర్లు. ఎవరికి జ్వరం, ఎవరి గొర్రెకి కవలలు, చాపెల్ పైకప్పు ఎక్కడ కారుతోంది, అన్నీ. మేం వానలో తడుస్తూ నిలబడేవాళ్ళం. చివరికి "చాలా సంతోషమండీ, ఉంటానండీ," అని వచ్చి, "గెథిన్ గారికి అభ్యంతరం లేదు," అనేవాడు. నాకైతే పళ్ళు నూరాలనిపించేది. వారం వారం పోయే దారికి ఈ వినయాలేంటి?

నిరుడు గెథిన్ మోకాళ్ళు మొరాయించాయి. పొలం అమ్మేసి సంత వెనక వరసిళ్ళలో ఓ చిన్నింట్లో చేరాడు. కొన్నాయన పేరు హాల్‌వర్త్. సరిహద్దు అవతల, ఇంగ్లండువాడు. సెలవులకి వచ్చేవాళ్ళకి గదులు కట్టి, ఆరుబయట వేడినీళ్ళ తొట్టెలు పెట్టి అద్దెకివ్వాలని ఆయన ఊహ. తొట్లో కూర్చున్నవాళ్ళ ముందునుంచి నల్లకోటు ఊరేగింపు పోతే బాగుండదు కదా. గేటుకి తాళం పడింది.

బాబాయ్ వెళ్ళి తలుపు తట్టి, పోవచ్చాండీ అని అడిగాడు. హాల్‌వర్త్ నవ్వుతూనే కుదరదన్నాడు. ఈ మహానుభావుడు ఆయనకి కృతజ్ఞతలు చెప్పి వచ్చాడు!

ఆ శనివారం నడక మరుగుదొడ్ల దగ్గరే ఆగింది. బాబాయ్ టోపీ తీసి, నేల చూస్తూ, "ఇక్కడితో అయిపోయిందండీ," అన్నాడు. గుంపులో ఒకావిడ ఎవరో పోయారనుకుని ఏడ్చేసింది. మరుసటి వారం ఇద్దరే వచ్చారు. ఆ తర్వాత ఆయనే రాలేదు. కొట్టు కిటికీలోంచి చూస్తే, గడియారం కింద ఎవరూ లేరు. ఏడుపొస్తే నాకు కోపం వస్తుంది, అది నా జబ్బు. ఫోన్ తీసి మా అక్క కూతురు నెరిస్‌కి చేశాను. అది లాయరు.

నెరిస్ వచ్చి కొట్లో ఉన్ని ఉండల మధ్య కూర్చుని చట్టం చెప్పింది. "ఒక దారిలో జనం ఇరవై ఏళ్ళు బాహాటంగా, గేటు విరగ్గొట్టకుండా, ఎవరి అనుమతీ లేకుండా నడిస్తే అది జనం దారి అయిపోతుంది పిన్నీ. ఎవడు కొన్నా మూయలేడు."

"ఇంకేం! ఇరవై ఏళ్ళ పైమాటే."

"ఒక్కటే మెలిక. యజమాని అనుమతిస్తే నడిచారనుకో, అది ఆయన దయ. ఆ దయ ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. అందుకని మీరెవరూ అడిగి నడిచి ఉండకూడదు."

"అంటే?"

"అంటే మీరంతా ఇరవై ఏళ్ళుగా మర్యాద లేకుండా నడిచామని రుజువు చేసుకోవాలి."

నేను తల పట్టుకున్నాను. కాలు తొక్కినవాడికి తొక్కించుకున్నవాడు క్షమాపణ చెప్పే ఊరు మాది. మాకెక్కడిదమ్మా అంత అమర్యాద?

ప్రభుత్వం విచారణాధికారిని పంపుతుందని తెలిశాక నెరిస్ మా చాపెల్ వెనకగదిలో సాక్షులందర్నీ కూర్చోబెట్టి తర్ఫీదు ఇచ్చింది. రొట్టెల మెయినిర్ ముందు లేచింది.

"మీరు ఆ దారిన నడవడానికి అనుమతి అడిగారా?"

"లేదండీ, క్షమించాలి," అంది మెయినిర్.

"క్షమించాలి అనకూడదు ఆంటీ."

"అయ్యో, తప్పయిపోయిందమ్మా."

"తప్పయిపోయింది అని కూడా అనకూడదు! నడవడం మీ హక్కన్నట్టు చెప్పండి."

మెయినిర్ గుండెనిండా ఊపిరి పీల్చుకుని, "అడగలేదు! అయితే ఏంటి?" అని అరిచి, వెంటనే ఎర్రబడిపోయి కూర్చుంది. "మా అమ్మ వినుంటే చెంప పగలగొట్టేది," అని గొణిగింది. అందరం చప్పట్లు కొట్టాం. ఆ ఊపులో ఒక్కొక్కరే లేచి అమర్యాద నేర్చుకున్నాం. నాకు తర్ఫీదు అక్కర్లేదని నెరిస్ ముందే అనేసింది, అదేమిటో మరి.

ఆఖర్న బాబాయ్ లేచాడు. "నేను అడిగానమ్మా," అన్నాడు.

గది చల్లబడిపోయింది.

"ఎప్పుడో ఒకసారా?" అంది నెరిస్ ఆశగా.

"ప్రతిసారీ అమ్మా. అడక్కుండా ఎలా పోతాం, ఒకరి వాకిలి కదా?"

"పోనీ, మీరు సాక్ష్యం చెప్పకండి."

"ఆ నడక నాది. నన్ను పిలవకుండా ఉంటారా? పిలిచి అడిగితే అబద్ధం చెప్పమంటారా?"

సంఘపెద్ద. పైగా బైబిలు మీద చెయ్యి. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏం బాబాయ్, గెథిన్‌తో నీకు అంత చెప్పుకునే పనేముంది? గేటు తీసి నడిస్తే నీ సొమ్మేం పోయింది?" అని గట్టిగానే అరిచాను. పాపం, బిక్కమొహం వేశాడు. "తెలియదమ్మా హెలెత్. అలా పోవడం నాకు రాదు," అన్నాడు. అలా అన్నాక ఏం తిడతాం?

గెథిన్‌ని కదిలిస్తే ఎలా ఉంటుందని ఎవరో అన్నారు. నెరిస్ ఇంతెత్తున లేచింది. "ఆయన దగ్గరికి ఎవరూ పోవద్దు! సరేనన్నానని ఆయన నోటితో ఒక్క మాటన్నాడంటే కొంప మునుగుతుంది." అసలు పోదామన్నా గెథిన్ దొరికే రకం కాదు. ఊళ్ళోకి వచ్చినప్పట్నించీ గోడల పక్కగా నడుస్తాడు, ఎవరైనా ఎదురైతే సందులోకి తిరుగుతాడు. హాల్‌వర్త్ లాయరు కూడా అతని ఇంటికెళ్ళి తలుపు బాది బాది, చెయ్యి నొప్పెట్టి వెనక్కి వచ్చాడట.

విచారణ రోజు వాన కుండపోత. సంత భవనం మేడమీది గది కిక్కిరిసిపోయింది. నేను పెనం మీద కాల్చిన కిస్‌మిస్ కేకులు పళ్ళెం నిండా పెట్టుకుని వెనక వరస చివర కూర్చున్నాను. విచారణాధికారి ఓ నడివయసు ఆవిడ. గొడుగు తిరగబడి తడిసి ముద్దయి వచ్చింది, అయినా మొహం చిట్లించలేదు. ఆవిడంటే నాకు అప్పుడే గౌరవం కలిగింది.

మావాళ్ళు అదరగొట్టారు. "అడగలేదు, అయితే ఏంటి?" అని మెయినిర్ అన్న తీరుకి హాల్‌వర్త్ లాయరు ఒకడుగు వెనక్కి వేశాడు. తర్వాత బాబాయ్ వంతు వచ్చింది. నల్లకోటు, చేతిలో టోపీ. హాల్‌వర్త్ లాయరు నవ్వు మొహంతో లేచాడు.

"మీరు ప్రతి శనివారం గెథిన్ గారి తలుపు తట్టి, పోవచ్చా అని అడిగేవారు. అవునా?"

"అవునండీ."

"ప్రతిసారీ?"

"ప్రతిసారీనండీ."

"అడక్కుండా ఒక్కసారైనా ఆ వాకిట్లో కాలు పెట్టారా?"

"ఛఛ, అంత మాటనకండి," అన్నాడు బాబాయ్, నొచ్చుకుని.

లాయరు ఇక చాలన్నట్టు కూర్చున్నాడు. నెరిస్ కళ్ళు మూసుకుంది. దారి పోయిందని గదిలో అందరికీ అర్థమైంది, బాబాయ్‌తో సహా. టోపీని రెండు చేతుల్తో నలుపుతూ నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. వెళ్ళి ఆయన పక్కన నిలబడాలనిపించింది.

అప్పుడు ఆ అధికారిణి కళ్ళజోడు తుడుచుకుంటూ, "అడిగానని ఈయన అంటున్నారు. ఇచ్చానని ఎవరూ చెప్పలేదు. ఆ గెథిన్ గారు ఇక్కడ ఉన్నారా?" అంది.

గది అంతా వెనక్కి తిరిగింది. కోట్లు తగిలించిన కొయ్య వెనక, తడి కోట్ల మధ్య, ఇంకో తడి కోటులా నిలబడి ఉన్నాడు గెథిన్. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. పారిపోదామంటే తలుపు మూసి ఉంది. మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి నా పక్క కుర్చీ వీపు ఆసరా చేసుకుని నిలబడ్డాడు.

"ఇద్వాల్ గారికి మీరు అనుమతి ఇచ్చేవారా?"

"లేదండీ."

"ఎప్పుడైనా? ఒక్కసారైనా?"

"తలుపే తీయలేదండీ నేను."

హాల్‌వర్త్ లాయరు ముందుకు వంగాడు. "మీరు ఇంట్లో లేరేమో?"

"ఉన్నాను."

"ఇంట్లో ఉండి తలుపు తీయలేదా? మరెక్కడున్నారు?"

"గిన్నెల బీరువా వెనక," అన్నాడు గెథిన్.

ఎవరో కిసుక్కుమన్నారు. నేనే అయ్యుండొచ్చు.

"కుక్క మొరగలేదా?"

"నోరు పట్టుకునేవాణ్ణండీ. కుక్కలు మారాయి గానీ, పట్టుకోవడం మారలేదు."

ఇక ఎవరివల్లా కాలేదు. అధికారిణి కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వులు తగ్గాక, "ఎందుకండీ?" అని మెల్లగా అడిగింది.

"తలుపు తీస్తే లోపలికి రమ్మనాలి కదండీ," అన్నాడు గెథిన్. "రమ్మంటే టీ పెట్టాలి, కేకు కొయ్యాలి. ఇంటికొచ్చినవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి పంపించే వంశం కాదు మాది. మయిర్ ఉన్నన్నాళ్ళూ ఆ బల్లమీద కేకు లేని రోజు లేదు. తను పోయాక ఆ బల్లమీద ఏముండేదో నన్నడక్కండి. గొర్రెల మందు సీసాలు, విరిగిన బూట్లు, ఓసారి చలికి వణుకుతున్న గొర్రెపిల్ల. అలాంటి ఇంట్లోకి మనిషిని ఎలా పిలవను? అందుకని మొదటిసారి దాక్కున్నాను. మొదటిసారి దాక్కున్నాక రెండోసారి తీస్తే, మొదటిసారి ఎందుకు తీయలేదో చెప్పాలి. మూడోసారి తీస్తే రెండుసార్లకీ చెప్పాలి. అలా పెరిగిపోయిందండీ. ఆఖరికి ఎంత పెరిగిందంటే, తలుపు తీయడం కన్నా పొలం అమ్ముకోవడం తేలికనిపించింది."

ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. మేం అందరం అదే జాతి. కేకు లేదని తలుపు తీయని ఇళ్ళు మా వీధిలోనే నేను పేర్లతో చెప్పగలను.

అధికారిణి బాబాయ్ వైపు తిరిగింది. "జవాబే రాకపోతే అభ్యంతరం లేదని మీరెలా అనుకున్నారు?"

"వద్దనలేదు కదండీ," అన్నాడు బాబాయ్. "మా పనిలో అవతలివాళ్ళు జవాబు చెప్పరండీ. చెప్పాల్సింది మనం చెప్పి, చెయ్యాల్సింది మర్యాదగా చెయ్యడమే. అదే అలవాటయిపోయింది."

నెరిస్ కళ్ళు తెరిచింది. దాని మొహంలో రంగులు మారడం నేను చూశాను. అడగడమే తప్ప ఇవ్వడం లేదు. అనుమతి లేదు! దారి బతికింది! నేను కుర్చీలోంచి సగం లేచాను.

అయితే మా బాబాయ్ ఇవేవీ వినే స్థితిలో లేడు. గెథిన్ వంకే చూస్తున్నాడు. ఇన్నేళ్ళూ తలుపు అవతల ఓ పెద్దమనిషి పనిలో ఉండి, చెవి ఇటు పడేసి, తల ఊపుతున్నాడని నమ్మిన మనిషి. తన గొంతు వినబడగానే బీరువా వెనక దూరేవాడని ఊరందరి ముందూ విన్నాడు.

"గెథిన్ గారూ," అన్నాడు. "నాకు తెలియదండీ. మీకిష్టం లేకుండా ఇన్నేళ్ళు మీ వాకిట్లోంచి జనాన్ని తోలుకుపోయాను. అడక్కుండా పోయినట్టే కదా. నన్ను క్షమించండి."

"ఇష్టం లేకపోవడమేంటి ఇద్వాల్!" గెథిన్ నిటారుగా అయ్యాడు. "నువ్వు రావడం నాకు..."

"ఆపండి!" అని అరిచింది నెరిస్.

"నోరు మూయండి!" అని అరిచింది మెయినిర్, జీవితంలో మొదటిసారి, తర్ఫీదు లేకుండా.

గది గదంతా లేచింది. ఇష్టమేనన్నాడంటే అది అనుమతే అయిపోతుంది! గెథిన్ మాత్రం చెప్పకుండా ఆగేట్టు లేడు. "నువ్వు రావడం నాకెంత..." అంటూ నోరు తెరిచాడు. నా ఒళ్ళో పళ్ళెం ఉంది. నేనేం ఆలోచించలేదు. చేతికందిన కేకు ఆ తెరిచిన నోట్లో కుక్కేశాను. నమిలేలోగా ఇంకోటి. మంచి గట్టి కేకులు, మా అమ్మ పద్ధతి. గెథిన్ కళ్ళు తేలేశాడు గానీ మాట బయటికి రాలేదు. అధికారిణి ఆ సమయానికి కిటికీలోంచి వాన ఎలా పడుతోందో చాలా శ్రద్ధగా చూస్తోంది.

మనసులో అనుకున్నది చట్టం లెక్కలోకి రాదట, మేం నడిచే రోజుల్లోనే పైకి చెప్పి ఉండాలట. అది తర్వాత తీరిగ్గా చెప్పింది నెరిస్. ముందే చెప్పి ఏడవొచ్చు కదా? పాపం ముసలాయనకి రెండు రోజులు గొంతు నొప్పి. అయినా దాని భయం దానిది. "ఉత్తర్వు చేతికొచ్చేదాకా మీరిద్దరూ మాట్లాడుకోవద్దు. ఒక్క మాట కూడా వద్దు. నాకు గుండె ఆగిపోతుంది," అని ఇద్దరికీ విడివిడిగా చెప్పింది. చెప్పిన మాట జవదాటే మనుషులా వాళ్ళు?

ఆ చలికాలమంతా నేను చూసిన నరకం ఎవరికీ వద్దు. ప్రతి సంతరోజూ ఇద్దరూ ఉల్లికాడల బండి దగ్గర ఎదురుపడేవాళ్ళు. బాబాయ్ టోపీ తీసేవాడు. గెథిన్ నోరు తెరిచి, నావంక భయంగా చూసి, మూసుకునేవాడు. తలొక సందులోకీ పోయేవాళ్ళు. ఆ తర్వాత బాబాయ్ వచ్చి నా కొట్లో స్టూలు మీద కూర్చునేవాడు.

"దారి పోయినా బాగుండేదేమో హెలెత్," అన్నాడు ఓ రోజు.

"ఏమన్నావ్?"

"తెలియకుండా పోయేది. ఓ మనిషిని బీరువా వెనక నిలబెట్టానని."

"బాబాయ్! నీకోసం ఊరంతా వానలో తడిసింది, మెయినిర్ అమర్యాద నేర్చుకుంది, నేను ముసలాయన గొంతులో కేకులు కుక్కాను. దారి పోయినా బాగుండేదంటావా? సిగ్గులేదూ?"

"ఉందమ్మా. అదే కదా," అన్నాడు. నేను అల్లిక పక్కన పడేసి లోపలికి వెళ్ళి, ఆయనకి వినబడకుండా ఏడ్చి, టీ పట్టుకొచ్చాను.

గొర్రెలు ఈనే రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. దారి జనానిది. ఎవరి వాకిలైనా, ఎవరు కొన్నా, ఎన్నాళ్ళకైనా. హాల్‌వర్త్ తాళం తీసి, తొట్టెలకి వెదురు తడిక కట్టుకున్నాడు. ఆ శనివారం గడియారం కింద ఎప్పుడూ లేనంత జనం. రెండు చాపెళ్ళవాళ్ళూ ఒకేచోట నిలబడ్డారు, అది చాలు చరిత్రలో రాయడానికి. మెయినిర్ బాతు బొమ్మ టోపీ పెట్టుకొచ్చింది. అందరూ ఉన్నారు. నడిపించేవాడే లేడు.

నాకు మండింది. ఇంతా చేసి ఇంట్లో కూర్చుంటాడా? వెళ్ళి తలుపు బాదాను. లేడు. "టోపీ పెట్టుకుని పొద్దున్నే వరసిళ్ళ వైపు పోయాడు," అంది పక్కింటావిడ. విసవిసా అటు నడిచాను. వరసిళ్ళ చివర గెథిన్ ఇల్లు. తలుపు బార్లా తీసి ఉంది. గడప మీద కుక్క మొరుగుతోంది, నోరు పట్టుకునేవాళ్ళు లేరు.

లోపల బాబాయ్ కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు, టోపీ మోకాలి మీద. తుడిచిన బల్ల మీద ఓ నల్లటి ముద్ద. అది కేకట.

"నేనే చేశాను. కుక్క ముట్టలేదు," అంటున్నాడు గెథిన్.

"బావుందండీ," అన్నాడు బాబాయ్, ఇంకా కొరక్కుండానే. ఇరవై ఏళ్ళు తలుపుకి చెప్పిన మనిషి, మొహానికి చెప్పలేక నేల చూస్తున్నాడు. "మిమ్మల్ని ఇబ్బంది పెట్టానండీ. ఇకమీదట ఎవరి వాకిట్లోనూ ఆగకుండా..."

"అది వదిలెయ్ ముందు," అన్నాడు గెథిన్ విసుగ్గా. "మీ అక్క కూతురు లోయిస్ సంగతి చెప్పు. కార్డిఫ్‌లో ఆ డోలు వాయించేవాణ్ణి చేసుకుంటానని భీష్మించుకు కూర్చుందన్నావు, మీ బావ తిండి మానేశాడన్నావు. ఇంతలో వానొచ్చి నువ్వు పోయావు. మరుసటి వారమొచ్చి చాపెల్ పైకప్పు గొడవలో పడ్డావు. ఆ పిల్ల మాటే మళ్ళీ ఎత్తలేదు. ఎన్నేళ్ళయింది! బీరువా వెనక్కి ఎందుకు పోయేవాణ్ణనుకున్నావు? ఇంట్లో అన్నిటికన్నా తలుపుకి దగ్గరగా ఉండేది అదే. తలుపు తీస్తే నువ్వు మొహమాటపడి ఆపేస్తావని భయం. చేసుకుందా, లేదా?"

బాబాయ్ మోకాలి మీది టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. గెథిన్ కుక్కని లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు.

"చేసుకుందండీ," అన్నాడు బాబాయ్. "ముగ్గురు పిల్లలు."

"అలా కాదు. మొదట్నించీ చెప్పు," అన్నాడు గెథిన్, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ.